అలలకు అద్దం పట్టిన ఆచార్యుడు: సర్ జగదీశ్ చంద్ర బోస్

బస్తర్ దక్షిణపు కొసన ఉన్న సుక్మా 2012 జనవరిలో దంతెవాడ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. ఒకపక్క ఒడిశాలోని మల్కాన్‌గిరి, ఇంకోపక్క తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం, దిగువన మన ఆంధ్రప్రదేశ్. జగదల్‌పూర్ నుంచి వచ్చే జాతీయ రహదారి సుక్మా, దోర్నపాల్, ఎర్రబోర్ దాటి కుంట చేరేసరికి సంతలో తెలుగు మాట చెవిన పడుతుంది. గొల్లపల్లి, పోలంపల్లి, ఇంజరం, కిష్టారం... పేర్లు చూస్తే మన మండలాల్లో ఏదో ఒక ఊరు అనుకుంటాం. శబరి, సీలేరు నదులు ఆ దరిదాపుల్లోనే కలిసి, కిందికి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో చేరతాయి.

ఆ నేల పేరు చెబితే మన సంఘ సభ్యుల్లో చాలామందికి నదులూ సంతలూ ముందు గుర్తుకు రావు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు నేలకొరిగారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర 25 మంది. కేంద్ర బలగాల్లో పనిచేసిన మన మిత్రులకు ఇవి పేపర్లో చదివిన వార్తలు కావు, ఒకే బ్యారక్‌లో పక్క మంచం మీద పడుకున్నవాళ్ల కథలు.

అలాంటి అడవిలో వైర్‌లెస్ సెట్ ఉండటం వేరు, మాట అందటం వేరు. సాల్, టేకు, ఇప్ప, తునికి చెట్ల మధ్య, వాన కురిసి ఆకులు తడిసి ఉన్నప్పుడు, రెండు గుట్టల నడుమ వాగులోకి దిగిన పార్టీకి సెట్‌లో గరగర తప్ప ఏమీ వినిపించదు. గాయపడినవాణ్ణి తీసుకెళ్లడానికి హెలికాప్టర్ పిలవాలంటే ముందు ఎవరో ఒకరు గుట్ట ఎక్కాలి. ఎక్కినవాడు దూరం నుంచి కూడా కనిపిస్తాడు. ఆ బాధ తెలిసినవారికి వివరించి చెప్పక్కర్లేదు.

ఈ మధ్య శాస్త్రజ్ఞులు ఒక కొత్త వస్తువు గురించి మాట్లాడుతున్నారు. రీకాన్ఫిగరబుల్ ఇంటెలిజెంట్ సర్ఫేస్ అంటారు, పొట్టిగా రిస్. గోడకు తగిలించే పలక లాంటిది. తన మీద పడిన రేడియో తరంగాన్ని మనం చెప్పిన దిక్కుకు తిప్పి పంపుతుంది. నేరుగా సిగ్నల్ అందని చాటుకు అద్దంతో ఎండ కొట్టించినట్టు సిగ్నల్‌ను అందిస్తుంది. ఇది కొత్త మాటే. కానీ దీనికి కావలసిన ముడిసరుకులో సగం కలకత్తాలో ఒక చిన్న గదిలో 1894 నుంచి 1901 మధ్య తయారైంది. తయారుచేసినవారు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు ప్రాణం ఉందని చెప్పిన బోసు గారిగానే మన స్కూలు పుస్తకాలు ఆయన్ని పరిచయం చేశాయి. వైర్‌లెస్ పట్టుకున్న చేతులకు మాత్రం ఆయన వేరే విధంగా చుట్టం.

బోస్ గారు 1858 నవంబరు 30న మైమెన్‌సింగ్‌లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. పూర్వీకుల ఊరు ఢాకా దగ్గర విక్రమ్‌పూర్ ప్రాంతంలోని రాఢీఖాల్. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వంలో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ హోదాలో ఉన్నవాళ్లు కొడుకుల్ని ఇంగ్లీషు బడికి పంపే రోజులవి. ఈయన మాత్రం ముందు మాతృభాష రావాలని బెంగాలీ బడిలో వేశారు. అక్కడ జగదీశ్‌కు అటుపక్క ఒక బంట్రోతు కొడుకు, ఇటుపక్క ఒక జాలరి కొడుకు. వాళ్లు చెప్పే చేపల కథలు, పక్షుల కథలు వింటూ పెరిగాడు. ఆ పిల్లల్ని ఇంటికి తెచ్చుకుంటే తల్లి కులం చూడకుండా అందరికీ కలిపి అన్నం పెట్టేదట.

ఇంకో ముచ్చట ఉంది, మనవాళ్లకు నచ్చుతుంది. పిల్లవాణ్ణి బడికి మోసుకెళ్లే నౌకరు పూర్వం బందిపోటు. మేజిస్ట్రేటు గారే వాణ్ణి జైలుకు పంపారు, విడుదలై వచ్చి బతుకుతెరువు అడిగితే ఇంట్లోనే పని ఇచ్చారు. దారి పొడుగునా వాడు తన పాత దాడుల కథలు చెబుతుంటే కుర్రవాడు నోరు తెరుచుకుని వినేవాడు. లొంగిపోయినవాడికి పని ఇచ్చి నమ్మిన ఆ తండ్రి పద్ధతిని బస్తర్‌లో పనిచేసినవాళ్లు ఆసక్తిగా చదువుతారని ఇక్కడ చెప్పాను.

ఆ తర్వాత కలకత్తాలో సెయింట్ జేవియర్స్ స్కూలు, కాలేజీ. అక్కడ ఫాదర్ లఫోఁ అనే బెల్జియం దేశపు పాదిరీ భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలు చేసి చూపిస్తూ చెప్పేవారు. ప్రయోగం చేయడంలో బోస్ గారి చేతివాటం అక్కడ అబ్బిందే. 1880లో వైద్యం చదవడానికి లండన్ వెళ్లారు. వెళ్లేముందు అస్సాం అడవుల్లో వేటకు వెళ్లి జ్వరం తెచ్చుకున్నారు. అది వదల్లేదు. శవాలను కోసే గదిలో వాసనకు జబ్బు ఇంకా ఎక్కువయింది. అడవి జ్వరం ఏమిటో బస్తర్ మలేరియా చూసినవాళ్లకు తెలుసు. మొత్తానికి డాక్టరు కావలసిన మనిషి వైద్యం మానేసి కేంబ్రిడ్జిలో క్రైస్ట్స్ కాలేజీలో సైన్సులో చేరారు. లార్డ్ రేలీ అక్కడ ఆయన గురువు. 1884లో కేంబ్రిడ్జి డిగ్రీ, లండన్ యూనివర్సిటీ బి.ఎస్‌సి. రెండూ వచ్చాయి.

1885లో తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ ఆచార్యుడిగా చేరారు. వైస్రాయి రిప్పన్ సిఫారసు ఉన్నా పైఅధికారులకు ఇష్టం లేదు. భారతీయులు కచ్చితమైన శాస్త్రాలు బోధించలేరన్నది అప్పటి దొరల అభిప్రాయం. జీతం లెక్క ఇలా ఉండేది: అదే పని చేసే యూరోపియన్‌కు వచ్చేదాంట్లో భారతీయుడికి మూడింట రెండు వంతులు. బోస్ గారిది తాత్కాలిక నియామకం అన్నారు కాబట్టి అందులోనూ సగం. అంటే చివరికి చేతికొచ్చేది మూడో వంతు.

ఆయన గొడవ పెట్టుకోలేదు, అర్జీలు పెట్టలేదు, రాజీనామా ఇవ్వలేదు. రోజూ వచ్చి పాఠం చెప్పారు. నెల కాగానే వచ్చిన చెక్కు తీసుకోకుండా తిప్పి పంపారు. ఒక నెల కాదు, మూడేళ్లు! ఆ సమయంలో ఇంటి పరిస్థితి బాగుందనుకునేరు. తండ్రి నలుగురికీ పని కల్పిద్దామని పెట్టిన వ్యాపారాలు దెబ్బతిని అప్పులు మీదపడ్డాయి. ఊళ్లో ఆస్తి అమ్మి కొంత తీర్చారు. 1887లో అబలా దాస్‌తో పెళ్లయింది. కలకత్తాలో అద్దె భరించలేక ఆ దంపతులు కొంతకాలం చందర్‌నగర్‌లో కాపురం పెట్టారనీ, రైలు అందుకోవడానికి హుగ్లీ నదిని చిన్న పడవలో దాటేవారనీ, ఆయన దిగాక ఆవిడ పడవ వెనక్కి నడుపుకెళ్లేదనీ చెబుతారు. ఆ తర్వాత ప్రభుత్వమే దిగొచ్చింది. పూర్తి జీతం, అదీ చేరిన తేదీ నుంచి, ఒకేసారి చెల్లించారు. ఆ డబ్బు తండ్రి అప్పులకు పోయింది.

పే కమిషన్ల గురించి, ఒకే ర్యాంకుకు ఒకే పింఛను గురించి ఏళ్ల తరబడి మాట్లాడుకున్న మనవాళ్లకు ఈ ఘట్టం విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. ఒకటి మాత్రం గమనించాలి. ఆ మూడేళ్లలో ఆయన క్లాసు ఎగ్గొట్టలేదు.

ఇక అసలు కథ. జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ 1887, 88 ప్రాంతాల్లో విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించి చూపించాడు. 1894లో హెర్ట్జ్ చిన్నవయసులోనే పోయాడు. అతని పని మీద ఆలివర్ లాడ్జ్ ఇంగ్లండులో ఇచ్చిన ఉపన్యాసం బోస్ గారి దృష్టికి వచ్చింది. 1894 నవంబరు 30, తన 36వ పుట్టినరోజున, ఇకపై పరిశోధనకే జీవితం అని నిశ్చయించుకున్నారు. కాలేజీలో ప్రయోగశాల లేదు. వారానికి 26 గంటల పాఠాలు. స్నానాల గది పక్కన ఉన్న 24 చదరపు అడుగుల ఇరుకు గది దొరికింది. సహాయకుడు పెద్ద చదువులేని రేకు పనివాడు ఒకడు. ఖర్చు సొంత జేబులోంచి.

ఇక్కడ ఆయన తీసుకున్న నిర్ణయం ఒకటి ఉంది. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అందులోనే ఉంది. హెర్ట్జ్ తరంగాలు మీటర్ల పొడవైనవి. అంత పొడవు తరంగం మూలలు తిరిగిపోతుంది, దాన్ని తిప్పాలంటే అద్దం ఇంటి గోడంత కావాలి. బల్ల మీద పెట్టి లెక్కగా కొలవాలంటే తరంగం చిన్నదై ఉండాలి. అందుకని బోస్ గారు తరంగాన్ని కుదించారు. చిన్న లోహపు గోళాల మధ్య నిప్పురవ్వ పుట్టించి, రెండున్నర సెంటీమీటర్ల నుంచి ఐదు మిల్లీమీటర్ల దాకా పొడవున్న తరంగాలను తీశారు. నేటి భాషలో 12 నుంచి 60 గిగాహెర్ట్జ్ దాకా. ఇవాళ 5జి, 6జి అంటూ మాట్లాడుకునే మిల్లీమీటర్ తరంగాలు ఇవే.

తరంగం అంత చిన్నదయ్యాక వెలుగులాగే నడుచుకుంటుంది. అద్దానికి తగిలితే తిరుగుతుంది, పట్టకంలో వంగుతుంది, అడ్డం వస్తే నీడ పడుతుంది. గంధకంతో పట్టకాలు పోత పోశారు. తరంగాన్ని పట్టడానికి గరాటు ఆకారంలో రేకు గొట్టం చేశారు. ఇవాళ మైక్రోవేవ్ వాళ్లు హార్న్ యాంటెనా అనేది అదే. తరంగాన్ని గొట్టంలో నడిపించారు. అదే తర్వాత రాడార్‌లో వేవ్‌గైడ్ అయింది, 1930లలో అమెరికాలో మళ్లీ కొత్తగా కనిపెట్టుకోవాల్సి వచ్చింది. మన వాయుసేన, నౌకాదళంలో రాడార్ మెకానిక్కులుగా చేసినవాళ్లు బోస్ గారి పెట్టె బొమ్మ చూస్తే ఒక్కో భాగాన్నీ గుర్తుపట్టి పేరు చెప్పగలరు.

1895లో కలకత్తా టౌన్ హాల్లో పెద్దల ముందు చేసి చూపించారు. ఒక గదిలో పుట్టిన తరంగం గోడలు దాటి, మధ్యలో నిలబడ్డ బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు దేహాన్నీ దాటి, 75 అడుగుల అవతల గంట మోగించింది, కొద్దిపాటి తుపాకీమందును పేల్చింది. రిమోట్‌తో మందుపాతర పేల్చడానికీ, దాన్ని అడ్డుకోవడానికీ మనవాళ్లు పడే పాట్లు తెలిసినవారికి ఆ రోజు పేలిన చిటికెడు మందు వేరే అర్థంలో కనిపిస్తుంది.

ఇక ఆ ఉపరితలాల సంగతి. వరసగా సమాంతరంగా కట్టిన తీగల చట్రాన్ని తరంగానికి అడ్డంగా పెట్టారు. తరంగంలో విద్యుత్తు ఊగే దిశ, తీగల దిశ ఒకటే అయితే తరంగం తిరిగొచ్చేస్తుంది. చట్రాన్ని 90 డిగ్రీలు తిప్పితే అదే తరంగం అడ్డులేకుండా దాటిపోతుంది. అద్దం కావాలన్నా ఆయన చెయ్యే, కిటికీ కావాలన్నా ఆయన చెయ్యే. అప్పటి రైల్వే టైంటేబుల్ పుస్తకం ఒకటి తీసుకుని, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి, దాంతోనూ ఇదే పని చేయించారు. ఆ లావుపాటి బ్రాడ్‌షా పుస్తకానికి రైళ్ల వేళలు చెప్పడం కాక ఇంకో ఉపయోగం ఉందని నిరూపించింది ఈయనే అని అప్పట్లో సరదాగా అనుకునేవారు.

1898లో రాయల్ సొసైటీకి పంపిన వ్యాసంలో ఇంకా వింతైన పని ఉంది. బెంగాల్లో దొరికే జనపనార తీసుకుని మెలిపెట్టి కట్టలు కట్టారు. కుడివైపు మెలి వేసిన కట్టలోంచి తరంగాన్ని పంపితే దాని ఊగే దిశ ఒకవైపు తిరిగింది. ఎడమ మెలి అయితే రెండోవైపు. రెండింటినీ సమంగా కలిపితే ఏమీ తిరగలేదు. నార అదే, మెలి మారింది, అంతే. తరంగం ఎటు పోవాలో చెప్పేది పదార్థం ఒక్కటే కాదు, దాని అల్లిక కూడా అని తేలింది. పదార్థాన్ని మార్చకుండా అల్లికతో తరంగాన్ని శాసించే వాటిని ఈనాడు మెటామెటీరియల్స్ అంటారు, వాటి వంశవృక్షంలో మొదటి పేరుగా ఈ జనపనార కట్టను శాస్త్రజ్ఞులు చెబుతారు. నెల్లిమర్ల, ఏలూరు జూట్ మిల్లుల పక్క ఊళ్లలో పుట్టినవాళ్లు ఈ మాట కొంచెం గర్వంగా చదువుకోవచ్చు.

ఒక్కసారి మళ్లీ సుక్మా అడవికి వెళ్దాం. అడవిలో చెట్ల మొదళ్లు నిలువుగా వరసలు కట్టి ఉంటాయి. పాత ఏఎన్‌పిఆర్‌సి-25 లాంటి సెట్ల విప్ యాంటెనా కూడా నిలువుదే. వాటిలో పుట్టే తరంగం నిలువుగా ఊగుతుంది. నిలువు తరంగానికి నిలువు చెట్లు బోస్ గారి తీగల చట్రం లాంటి అడ్డంకి. తడిసిన మొదళ్లు లోహమంత బాగా కాకపోయినా విద్యుత్తును కొంత పారించుకుంటాయి, ఆ మేరకు సిగ్నల్‌ను తినేస్తాయి. వీహెచ్‌ఎఫ్ కింది బ్యాండులో ఈ నష్టం నిలువు తరంగానికి ఎక్కువ, అడ్డ తరంగానికి తక్కువ. గిగాహెర్ట్జ్ దాటితే కొమ్మలూ ఆకులూ అన్నివైపులా ఉంటాయి కాబట్టి తేడా కనిపించదు. అందుకే పాత సిగ్నల్స్ ఉస్తాదులు అడవిలో విప్ పక్కన పెట్టి రెండు చెట్ల మధ్య తీగను అడ్డంగా కట్టమనేవారు. ఎందుకు అని అడిగితే చాలామంది కారణం చెప్పకుండా కట్టరా ముందు అని కసిరేవారు. కారణం ఇదీ.

1897 జనవరి 29న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రపు ఉపన్యాసం. అంతకు ముందు ఏడాదే లండన్ యూనివర్సిటీ డి.ఎస్‌సి. ఇచ్చింది. ఆ హాల్లో తన పెట్టె విప్పి పనితీరంతా చూపించారు, ఏదీ దాచలేదు. నౌకాదళ మిత్రుల కోసం ఇంకో విషయం: బ్రిటిష్ నేవీలో హెన్రీ జాక్సన్ అనే అధికారి బోస్ గారి ప్రయోగాల గురించి చదివి, ఆ స్ఫూర్తితో 1896లో డిఫయెన్స్ అనే ఓడ మీద వైర్‌లెస్ సంకేతాలు పంపి చూశాడు. మార్కోనీతో పరిచయం ఆ తర్వాతే.

మార్కోనీ మాట వచ్చింది కాబట్టి ఆ తగాదా కూడా చూడాలి. మన పత్రికల్లో రేడియోను బోస్ కనిపెట్టాడు, మార్కోనీ కాజేశాడు అని రాస్తుంటారు. అభిమానం కొద్దీ రాసేదే గానీ అది అంత తేలిగ్గా తేలే విషయం కాదు. జరిగింది ఇది. 1899లో బోస్ గారు ఇనుము, పాదరసం కలయికతో కొత్త గ్రాహకం చేసి, దానికి టెలిఫోను జతచేసి, రాయల్ సొసైటీలో ప్రకటించారు. అంతకుముందు గ్రాహకాలను ప్రతి సంకేతం తర్వాత సుత్తితో తట్టి లేపాలి. ఇది తనంతట తనే కోలుకుంటుంది. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో మార్కోనీ సంకేతం విన్నప్పుడు వాడినది ఇలాంటి పాదరసపు గ్రాహకమే. అది ఇటలీ నేవీ వాళ్లు ఇచ్చిందన్నారు. దాని మూలం బోస్ గారి వ్యాసమేనని 1990లలో పరిశోధకులు సాక్ష్యాలతో రాశారు. అంతవరకు బోస్ గారి వాటా ఖాయం. కానీ దూరదేశాలకు వార్తలు పంపే వ్యవస్థ కట్టాలన్న పట్టుదల మార్కోనీది. పొడవైన తరంగాలు, ఎత్తైన యాంటెనాలు, డబ్బు, కంపెనీ అన్నీ అతను కూర్చుకున్నాడు. బోస్ గారికి ఆ వ్యాపారం మీద ఆసక్తి లేదని 1897లో ఒక అమెరికన్ పత్రిక విలేకరికి ఆయనే చెప్పారు. ఇద్దరి దారులూ వేరు. 1909 నోబెల్ మార్కోనీకీ, బ్రౌన్‌కీ వచ్చింది.

పేటెంటు విషయంలో ఆయన మంకుపట్టు మాత్రం నాకు కొంచెం బాధ కలిగిస్తుంది. 1901లో లండన్‌లో ఒక టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు కాగితాలు పట్టుకుని వచ్చి, ఉపన్యాసంలో అంతా చెప్పేయకండి, లాభంలో సగం ఇస్తానని బతిమాలాడట. ఈ సంగతి బోస్ గారే మిత్రుడు రవీంద్రనాథ్ టాగోర్‌కు ఉత్తరం రాశారు. ఆయన ఒప్పుకోలేదు. జ్ఞానాన్ని అమ్ముకోరాదన్న నియమం గొప్పదే. ఆ నియమం వల్ల దేశానికి దక్కాల్సిన పేరు కూడా చేజారిందని అంటే తప్పు పట్టకండి. సోదరి నివేదిత, అమెరికన్ వనిత సారా బుల్ పట్టుబట్టి ఒక్కదానికి పేటెంటు వేయించారు. 1901 సెప్టెంబరు 30న దరఖాస్తు, 1904 మార్చి 29న అమెరికా పేటెంటు నంబరు 7,55,840 మంజూరు. దాని మీద ఆయన పైసా సంపాదించలేదు.

ఆ పేటెంటు దేనికో చూడండి. గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క మీద లోహపు మొన ఆనించి తరంగాన్ని పసిగట్టడం. అర్ధవాహకంతో చేసిన పరికరాల్లో పేటెంటు పొందిన మొట్టమొదటి వాటిలో ఇదొకటి. క్రిస్టల్ రేడియోలన్నీ ఆ జాతివే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర కందకాల్లో చిక్కుకున్న సైనికులు గడ్డం గీసుకునే బ్లేడు, పెన్సిలు ములుకుతో రేడియో చేసుకుని పాటలు విన్నారు. బ్యాటరీ అక్కర్లేని ఆ సెట్టు కూడా ఈ కుటుంబంలోదే. యుద్ధకాలపు మైక్రోవేవ్ రాడార్లలో వాడిన సిలికాన్ క్రిస్టల్ డిటెక్టర్లూ అంతే. సిలికాన్ తరహా అర్ధవాహకాల విషయంలో బోస్ అరవై ఏళ్లు ముందున్నాడని నోబెల్ గ్రహీత నెవిల్ మాట్ తర్వాతి కాలంలో అభిప్రాయపడ్డారు.

1900 తర్వాత ఆయన దారి మళ్లింది. గ్రాహకం ఎక్కువసేపు పనిచేస్తే అలసిపోయినట్టు మందగిస్తుంది, విశ్రాంతి ఇస్తే కోలుకుంటుంది. కండరం కూడా ఇంతే కదా అన్న ఆలోచనతో లోహం, మొక్క, జంతువు మూడింటి స్పందనలనూ పక్కపక్కన పెట్టి చూశారు. 1900లో పారిస్ సభలో ఇది చెప్పారు. 1901లో లండన్ శరీరశాస్త్రజ్ఞులు అడ్డుపడ్డారు, భౌతికశాస్త్రం వాడికి ఇక్కడేం పని అన్న ధోరణిలో. ఆయన వెనక్కి తగ్గలేదు, పుస్తకాలు రాశారు. మొక్క ఎదుగుదలను ఎన్నో రెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫ్ చేశారు. అందులో నిలిచినవీ ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి. అది వేరే వ్యాసం.

1915లో రిటైరయ్యారు. 1917లో సర్ బిరుదు. అదే ఏడాది నవంబరు 30న, 59వ పుట్టినరోజున, కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని జాతికి అంకితం చేశారు. 1920లో రాయల్ సొసైటీ ఫెలో. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ లాంటివారు ప్రెసిడెన్సీలో ఆయన శిష్యులు. 1937 నవంబరు 23న గిరిదీలో కన్నుమూశారు. మరో వారం ఉంటే 79 నిండేవి. ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐ ట్రిపుల్ ఈ, 1894-96 నాటి ఆయన మిల్లీమీటర్ తరంగ ప్రయోగాలను మైలురాయిగా గుర్తించి 2012లో ప్రెసిడెన్సీలో ఫలకం పెట్టింది.

రిస్ పలక సంగతికి వస్తే, అందులో పలక నిండా గోరంత రాగి ముక్కలు వరసలుగా అచ్చువేసి ఉంటాయి. ప్రతిదాని కిందా ఒక చిన్న డయోడు. డయోడు తెరిచి ఉందా మూసి ఉందా అన్నదాన్ని బట్టి ఆ ముక్క నుంచి తిరిగొచ్చే తరంగం కాస్త ముందుగానో వెనకగానో వస్తుంది. వేల ముక్కలను కంప్యూటరు ఒక క్రమంలో పెడితే వాటి తరంగాలన్నీ ఒక దిక్కులో జతకూడతాయి. పెరేడ్‌లో వీలింగ్ చేసేటప్పుడు లోపలివాడు పొట్టి అడుగు, బయటివాడు బార అడుగు వేస్తే వరస మొత్తం తిరుగుతుంది చూశారా, అలాగ. బోస్ గారి చట్రం చేత్తో తిరిగేది. ఇక్కడ ఆయన జాతి అర్ధవాహకమే కూర్చుని తిప్పుతుంది. ఇది సిగ్నల్‌ను పెంచదు, దారి మళ్లిస్తుందంతే. అందుకే కరెంటు ఖర్చు చాలా తక్కువ. 2010ల నుంచి ఈ పని ఊపందుకుంది. ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సీ 2021లో దీనికి ప్రత్యేక బృందం పెట్టింది. కొండ మీద పెద్ద రేకు నిలబెట్టి మైక్రోవేవ్‌ను అవతలి లోయలోకి కొట్టించడం టెలిఫోన్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నదే. దాని మెడ కదలదు, దీని మెడ కదులుతుంది.

మరి సుక్మా అడవికి ఇది పనికొస్తుందా? లెక్క చూద్దాం. ముక్కకూ ముక్కకూ ఎడం సుమారు సగం తరంగదైర్ఘ్యం. 28 గిగాహెర్ట్జ్‌లో అది ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు. అరమీటరు చదరపు పలకలో ఎనిమిది వేలకు పైగా ముక్కలు పడతాయి, ఒక మనిషి చంకన పెట్టుకుని పోవచ్చు. అదే పలకను 50 మెగాహెర్ట్జ్ వీహెచ్‌ఎఫ్‌కు కట్టాలంటే ఎడం మూడు మీటర్లు, ఒక్కో పక్క 280 మీటర్లు! ఊరంత అద్దం అన్నమాట. కాబట్టి పెట్రోలింగ్ పార్టీ సెట్‌కు రిస్ దిక్కు కాదు. క్యాంపులో, టవరుకూ బ్యారకుకూ మధ్య గుట్ట అడ్డొచ్చిన చోట, పై బ్యాండులో పనిచేసే లింకుకు దారి చూపించవచ్చు. అక్కడా పలకను ఏదో ఒక కొసకు దగ్గరగా పెట్టాలి. టవరు నుంచి పలకకూ, పలక నుంచి మనకూ రెండు నష్టాలూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. పలకకు ఆజ్ఞలిచ్చే లింకు శత్రువు చేతికి చిక్కితే వాడు దాన్ని తనవైపు తిప్పుకోగలడన్నదీ మరవకూడదు. ఆ జిల్లాల్లో ముందు కావలసింది టవర్లు. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో మొదటి దశలో పెట్టిన 2,343 టవర్లను 2జి నుంచి 4జికి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదించింది.

లోయలో చిక్కిన పార్టీకి ఇప్పటికీ ఆధారం హెచ్‌ఎఫ్ సెట్టు, నేలకు దగ్గరగా అడ్డంగా కట్టిన తీగ. తరంగం నిట్టనిలువుగా పైకి పోయి, అయనావరణానికి తగిలి, గుట్టల తల మీదుగా కిందికి దిగుతుంది. ఆ అద్దాన్ని ఎవరూ తిప్పలేరు. పగలూ రాత్రీ దాని ఎత్తు మారుతుంటే మనమే ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి.

బోస్ గారి పరికరాలు కోల్‌కతాలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులోని బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. తూర్పు కమాండ్‌లో పోస్టింగ్ వచ్చిన మిత్రులు వీలు చూసుకుని, ముందుగా అనుమతి కనుక్కుని వెళ్లండి. పెట్టె, గరాటు, తగరపు రేకులు దూర్చిన పుస్తకం, మెలితిప్పిన జనపనార. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.